నూటికి ఒకరు

కొంతకాలము క్రిందట గిద్దలూరు వైపు ఒక గ్రామమునుండి మా ఆరోగ్య కార్యక్రమమునకు ఉత్తరమొకటి వచ్చినది. వ్రాయించినది ఒక అత్తగారు. వ్రాసినది ఆమె మనుమరాలు. కోడలికి తొలి కాన్పు, ఏడవ మాసము. ఆసుపత్రిలో రక్తము పరీక్షించి హెపటైటిస్ బి ఉన్నదని చెప్పినారట. పిల్లకు ఏ బాధయు లేదు. కన్నులు పచ్చబడలేదు. అన్నము సహించుచున్నది, ఇంటి పని చేసికొనుచున్నది. అయినను ఆ దినము మొదలు ఆమె పళ్ళెము, గ్లాసు వేరు చేసి వసారాలో పెట్టినారు. ఉత్తరము చివర మూడు ప్రశ్నలున్నవి. "మా ఊళ్లో ఎవరికీ లేని జబ్బు ఈ పిల్లకు యాడనుంచి వచ్చింది? పుట్టబోయే బిడ్డకు కూడా వస్తుందా? సీమంతం చేసి పుట్టింటికి పంపిస్తే, మళ్లీ తెచ్చుకోవచ్చునా?"

మూడవ ప్రశ్న చదివినప్పుడు మనస్సు చివుక్కుమన్నది. ఆ అత్తగారు దుర్మార్గురాలు కారు. దుర్మార్గురాలైనచో ఉత్తరము వ్రాయించి అడుగరు. తెలియని దానివలన కలిగిన భయము అది. భయము తొలగవలెనన్న మొదటి ప్రశ్ననుండి ఆరంభింపవలెను. "మా ఊళ్లో ఎవరికీ లేని జబ్బు" అన్న మాట నిజమేనా? ఈ వ్యాధి మన దేశములో ఎందరికి ఉన్నది? ఆ లెక్కను ఎట్లు కట్టుదురు? ఈ ప్రసంగమంతయు ఆ లెక్కను గురించియే.

మన పల్లెలలో కామెర్లు అన్న మాట తెలియని వారుండరు. కాని కామెర్లు వ్యాధి కాదు, వ్యాధి లక్షణము. కాలేయము దెబ్బతిన్నప్పుడు పసుపుపచ్చని పదార్థమొకటి రక్తములో పెరిగి కన్నులయందును చర్మమునందును కనబడును. కాలేయమును దెబ్బతీయు సూక్ష్మజీవులు కొన్ని కలవు. హెపటైటిస్ ఎ, ఇ అను రెండును కలుషితమైన నీటిద్వారా, ఆహారముద్వారా వచ్చును. ఇవి సామాన్యముగా కొన్ని వారములు బాధపెట్టి వాటంతట అవియే తగ్గును. హెపటైటిస్ బి, సి అనునవి రక్తముద్వారా వచ్చును. ఇవి కొందరి దేహములలో స్థిరపడి చిరకాలము ఉండిపోవును.

కామెర్లకు పసరు మందు పోయుట, ముంజేతిపై వాత పెట్టుట మన ప్రాంతములలో చిరకాలముగా ఉన్న అలవాట్లు. పసరుతో తగ్గినదని చెప్పువారు అబద్ధమాడుట లేదు. నీటివలన వచ్చిన కామెర్లు పసరు పోసినను పోయకపోయినను చాలవరకు తగ్గును. పెద్దవారికి కొత్తగా సోకిన హెపటైటిస్ బి సయితము నూటికి తొంబదియైదుగురికి పైగా దానంతట అదియే పోవును. తగ్గుటకు కారణము దేహబలము. కీర్తి మాత్రము పసరునకు దక్కును. చిక్కు ఎక్కడ వచ్చుననగా, తగ్గని కొద్దిమంది సంగతి ఈ వైద్యమునకు తెలియదు. కన్నులు తెల్లబడినవి కనుక జబ్బు పోయినదని పంపివేయుదురు. రక్తములో అది మిగిలియున్నదో లేదో కంటికి కనబడదు.

అసలు ఈ వ్యాధిని లెక్కించుట చిరకాలము సాధ్యము కాకపోవుటకు కారణము ఇదియే. కన్నులు పచ్చబడిన వారినే లెక్కపెట్టగలిగిరి. పచ్చబడని వారు లెక్కలోనికి రాలేదు. ఈ స్థితిని మార్చినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు బరూక్ బ్లూంబర్గ్. ఆయన కాలేయ వైద్యుడు కూడ కాడు. దేశదేశముల మనుష్యుల రక్తములో భేదములేమి, కొన్ని జాతులకు కొన్ని జబ్బులు ఏల వచ్చును అని పరిశోధించుచుండెను. ఆస్ట్రేలియా ఆదిమవాసి ఒకరి రక్తములో ఆయనకు ఒక వింత పదార్థము కనబడినది. 1965లో దానిని ప్రకటించి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టినారు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని కొంతకాలమునకు తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆయన జన్మదినమగు జులై 28ని ప్రపంచమంతట హెపటైటిస్ దినముగా పాటించుచున్నారు. నేడు ఆసుపత్రులలో హెచ్.బి.ఎస్.ఎ.జి. అని వ్రాయు పరీక్ష ఆ పైపొరను వెదకునదే. అప్పటినుండి కన్నుల రంగుతో పనిలేక, రక్తపు చుక్కతో మనుష్యులను లెక్కించుట సాధ్యమైనది.

ఇక్కడ ఒక ముఖ్య విషయము మనవి చేయవలెను. ఈ వైరస్ ఎంతమందిలో స్థిరపడును అన్నది అది సోకిన వయస్సునుబట్టి ఉండును. పుట్టుకవేళ తల్లినుండి సోకినచో నూరుగురు బిడ్డలలో తొంబదిమందికి అది జీవితాంతము నిలిచిపోవును. ఏడాది మొదలు ఐదేండ్లలోపు పిల్లలకు సోకినచో నూటికి ముప్పది మంది ప్రాంతములో నిలుచును. పెద్దవారికి సోకినచో నూటికి ఐదుగురికన్న తక్కువమందికే నిలుచును. మార్కాపురము పలకలమీద అక్షరములు దిద్దిన వారు మనలో ఎందరో ఉన్నారు. బలపముతో వ్రాసినది తడిగుడ్డతో తుడిచిన పోవును. మేకుతో గీసినది పోదు. పెద్దవారికి సోకిన వ్యాధి ఎక్కువగా బలపపు వ్రాత వంటిది. పసికందుకు సోకినది మేకు గీత వంటిది. శిశువు దేహమునకు ఇది పరాయిదని గుర్తించు శక్తి ఇంకను రాలేదు; కనుక దానితో పోరాడదు. పోరాటము లేదు కనుక జ్వరము రాదు, కామెర్లు రావు, తల్లిదండ్రులకు అనుమానము రాదు. బిడ్డ చక్కగా పెరుగును, బడికి పోవును, పెండ్లి చేసికొనును. ఇరువది ముప్పది సంవత్సరములు గడచిన పిమ్మట కొందరికి కాలేయము గట్టిపడును, కొందరికి దానియందు క్యాన్సరు పుట్టును. శైశవములో సోకినవారిలో చికిత్స లేనిచో సుమారు నలుగురిలో ఒకరు ఈ రెంటివలన అకాలమున మరణింతురని వైద్యులు లెక్కకట్టినారు.

ఇక అసలు లెక్కకు వత్తము. ఒక దేశములో ఈ వ్యాధి ఎంత ఉన్నదని అడుగునప్పుడు రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోవుచుండును. ఈ ఏడు కొత్తగా ఎందరికి సోకినది అన్నది ఒకటి. ఈనాడు మొత్తము ఎందరిలో ఉన్నది అన్నది రెండవది. కంభము చెరువును తలచుకొన్నచో ఈ భేదము తేలికగా తెలియును. గుండ్లకమ్మ ఈ వర్షాకాలములో తెచ్చిన నీరు వేరు. చెరువులో నిలిచియున్న నీరు వేరు. వాగు ఒక ఏడు రాకపోయినను చెరువు మరునాడే ఎండిపోదు. హెపటైటిస్ బి విషయములో కొత్తగా సోకునది వాగు. జనులలో నిలిచియున్నది చెరువు. సోకి తగ్గిపోయిన వారు ఈ చెరువు లెక్కలోనికి రారు. ఒకసారి నిలిచినది నలుబది ఏబది ఏండ్లు ఉండును కనుక, నేడు మనము లెక్కించు చెరువులో చాలభాగము ఎన్నో ఏండ్ల క్రిందట వచ్చిన నీరు. అనగా టీకా లేని కాలములో పుట్టిన వారిలో నిలిచిన వ్యాధి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశములను ఈ లెక్కనుబట్టి మూడు తరగతులుగా విభజించినది. నూటికి ఎనిమిది మంది, అంతకు మించి ఉన్నచో వ్యాధి అధికము. రెండునుండి ఏడు వరకు మధ్యమము. రెంటికన్న తక్కువైనచో అల్పము. మన దేశమును చిరకాలము మధ్యమ తరగతిలో ఉంచినారు. 1990 ప్రాంతములలో నూటికి మూడు మొదలు ఐదు వరకు అని చెప్పుచుండెడివారు. ఆ లెక్కలకు ఆధారము చాలవరకు రక్తదానము చేసినవారు, ఆసుపత్రికి వచ్చిన గర్భిణులు, అక్కడక్కడ జరిగిన చిన్న పరీక్షలు. దేశమంతటికి సరిపోవు కొలత అప్పటికి లేదు.

2007లో కొందరు వైద్యులు అంతవరకు జరిగిన పరిశోధనలన్నిటిని ఒకచోట చేర్చి, జనసంఖ్యనుబట్టి సరిచూచి, గిరిజనులు కానివారిలో నూటికి 2.4 అని తేల్చినారు. గిరిజనులలో నూటికి 15.9 అని వచ్చినది. ఆ పిమ్మట ఇంతకన్న విశాలమైన కొలత ఒకటి జరిగినది. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతట ఇంటింటికి పోయి రక్తపు చుక్కలు సేకరించినారు. ఆ చుక్కలను హెపటైటిస్ కొరకు పరీక్షింపగా, హెపటైటిస్ బి నూటికి 0.95 అని తేలినది. చిల్లర విడిచి చెప్పినచో నూటికి ఒకరు. హెపటైటిస్ సి నూటికి 0.32, అనగా ఇంచుమించు మూడు వందల మందిలో ఒకరు.

అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదికలో వేరొక సంఖ్య ఉన్నది. 2022లో భారతదేశములో 2 కోట్ల 98 లక్షల మంది హెపటైటిస్ బితో జీవించుచుండిరని ఆ నివేదిక చెప్పుచున్నది. మన జనాభాను 140 కోట్లుగా తీసికొన్నచో ఇది నూటికి ఇద్దరు. సర్వే చెప్పిన నూటికి ఒకరు చొప్పున చూచినచో కోటి నలుబది లక్షలు మించదు. ఒకదానికి ఒకటి రెండింతలు. ఇందులో ఏది నిజమని మీరడుగవచ్చును.

రెండును బుద్ధిపూర్వకముగా కట్టిన లెక్కలే. సర్వే ఇంటికి పోయి, దొరికిన వారి రక్తమును చూచినది. ఇంట లేనివారు, ఊరు విడిచి కూలికి పోయినవారు, రక్తమిచ్చుటకు ఒప్పుకొననివారు అందులో తక్కువగా పడుదురు. ప్రపంచ సంస్థ పద్ధతి వేరు. అది అనేక పరిశోధనలను, వయస్సులవారీ జనాభాను, టీకాల వివరములను కూర్చి గణితముతో అంచనా వేసినది. మన ఇండ్లలోనే చూడండి. పొలములోనున్న జొన్నచేనును చూచి రైతు చెప్పు పంట వేరు, కొలతకు వచ్చిన పంట వేరు. అయినను రైతు అంచనా వృథా కాదు. ఈ రెండు సంఖ్యలనుండి మనము గ్రహింపవలసినది ఒకటే. మన దేశములో ఈ వ్యాధి ఉన్నవారు ఇంచుమించుగా నూటికి ఒకరు మొదలు ఇద్దరు వరకు ఉన్నారు. అది చిన్న అంకె వలె కనబడును. కాని మన దేశము పెద్దది. ప్రపంచములో ఈ వ్యాధి ఉన్న 25 కోట్ల 40 లక్షల మందిలో తొమ్మిదిమందికి ఒకరు భారతీయులు.

ఇప్పుడు అత్తగారి మాటకు తిరిగి వత్తము. రెండు వేల జనాభా గల గ్రామమును తీసికొనండి. దేశపు సగటు చొప్పున చూచినచో అక్కడ ఇరువదిమంది, ఎక్కువ లెక్క చొప్పున నలుబదిమంది ఉండవచ్చును. ఏ గ్రామములో సరిగా ఎందరున్నారో సగటు చెప్పజాలదు. ఒక ఊరిలో ఇద్దరే ఉండవచ్చును, మరియొక ఊరిలో అరువదిమంది ఉండవచ్చును. కాని "మా ఊళ్లో ఎవరికీ లేదు" అన్న మాట నిజమగుట మాత్రము చాల అరుదు. నిజమేమనగా, ఆ ఊరిలో పరీక్ష చేయించుకొన్నది ఈ పిల్ల ఒక్కతెయే. గర్భిణి కనుక పరీక్ష చేసినారు, కనబడినది. తక్కినవారికి పరీక్ష లేదు, కనబడలేదు. 2022 నాటికి ప్రపంచమంతటిమీద ఈ వ్యాధి ఉన్నవారిలో, తమకు ఉన్నదని తెలిసినవారు నూటికి పదుముగ్గురు మాత్రమే. తెలిసినందుకు ఆ పిల్లకు పళ్ళెము వేరైనది. తెలియనివారందరు పంక్తిలోనే కూర్చున్నారు.

గిరిజనులను గురించిన సంఖ్యవిషయములో కొంచెము జాగ్రత్త అవసరము. నూటికి 15.9 అన్నది అనేక ప్రాంతముల గిరిజనుల సగటు. అండమాన్ నికోబార్ దీవుల వంటి చోట్ల కనబడిన హెచ్చు సంఖ్యలు అందులో చేరియున్నవి. దానిని తెచ్చి మన నల్లమల చెంచులకు అంటగట్టుట అన్యాయము. ఒక వ్యాధి ఒక జాతి రక్తములో పుట్టునది కాదు. జనసంఖ్య తక్కువగానుండి, ఒకరితో ఒకరు కలిసి జీవించుచు, ఆసుపత్రికి దూరముగానున్న చోట తల్లినుండి బిడ్డకు, బిడ్డనుండి బిడ్డకు అది తరతరములుగా సాగుచుండును. కనుక ఆ సంఖ్య మనకు చెప్పునది చెంచుగూడెములను చూచి దూరముగా జరుగుమని కాదు. పుట్టిన దినము వేయవలసిన టీకా కొండమీది గూడెమునకు కూడ చేరునట్లు చూడుమని.

ఈ వ్యాధి ఎట్లు సోకును? ప్రసవ సమయములో తల్లినుండి బిడ్డకు. ఒకరికి వాడిన సూది మరియొకరికి వాడుటవలన. పరీక్షింపని రక్తము ఎక్కించుటవలన. భార్యాభర్తల సంబంధమువలన. ఒకరి గడ్డపు బ్లేడు మరియొకరు వాడుటవలన, శుభ్రము చేయని సూదితో పచ్చబొట్టు పొడుచుటవలన, చెవులు కుట్టుటవలన. ఈ వైరస్ దేహమునకు వెలుపల ఎండిన రక్తపు మరకలో కనీసము ఏడు దినములు బ్రతికియుండును. అందుచేత పైకి శుభ్రముగా కనబడు సూదిని నమ్మరాదు. 2009లో గుజరాతు రాష్ట్రములోని మొడాసా ప్రాంతమున ఇట్టిది జరిగినది. సూదులను తిరిగి తిరిగి వాడుటవలన వందలమందికి ఈ వ్యాధి సోకి, పదులకొలది మరణించినారు. మన పల్లెలలో జ్వరము వచ్చినను, నడుము నొచ్చినను సూదిమందు వేసిననే వైద్యమని తలచుదురు. మాత్రతో పోవుదానికి సూది అడుగకండి. సూది తప్పనప్పుడు కొత్త సిరంజి కవరును మీ కన్నుల యెదుట చింపించుకొనండి. అది మీ హక్కు. వైద్యునికి అవమానము కాదు.

ఎట్లు సోకదో కూడ అంతే స్పష్టముగా చెప్పవలెను. ఒకే పంక్తిలో భోజనము చేయుటవలన సోకదు. ఆమె వండిన అన్నము తినుటవలన సోకదు. ఆమె త్రాగిన గ్లాసు కడిగి త్రాగుటవలన సోకదు. ఒకే మంచముపై కూర్చుండుటవలన, బిడ్డను ముద్దాడుటవలన, దగ్గుటవలన, తుమ్ముటవలన, దోమ కుట్టుటవలన సోకదు. టీకా వేసిన బిడ్డకు తల్లి పాలు నిర్భయముగా ఇవ్వవచ్చును. బ్లేడు, గోరు కత్తెర, పండ్లు తోముకొను బ్రష్షు మాత్రము ఎవరివి వారు ఉంచుకొనవలెను. ఆ జాగ్రత్త ఏ వ్యాధియు లేని ఇంటిలోనైనను మంచిదే.

ఇక టీకా సంగతి. ఈ వ్యాధికి మొదటి టీకా 1981లో అమెరికాలో అనుమతి పొందినది. అది రోగుల రక్తమునుండి వేరుచేసిన పదార్థముతో చేసినది. 1986లో ఈస్టు కణములచేత తయారు చేయించు నూతన పద్ధతి వచ్చినది. కాని ఆ టీకా విదేశములనుండి దిగుమతియై, సామాన్యులకు అందని ధరలో ఉండెను. ఈ అడ్డును తొలగించినది మన తెలుగు గడ్డమీద జరిగిన ప్రయత్నము. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాదరెడ్డి గారు విద్యుత్తు ఇంజనీరు. వైద్యులు కారు, జీవశాస్త్రజ్ఞులు కారు. 1992లో జెనీవాలో జరిగిన ఒక సమావేశమున ఆయన ఈ వ్యాధి తీవ్రతను, టీకా ధరను గురించి విన్నారు. మరుసటి ఏట హైదరాబాదులో తల్లి శాంతమ్మ గారి పేర శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను స్థాపించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, తరువాత హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోను శాస్త్రజ్ఞులు పనిచేయుటకు చోటు దొరికినది. 1997లో షాన్‌వాక్-బి అను పేరుతో ఆ టీకా వెలువడినది. దిగుమతి టీకా ధరలో కొద్ది భాగమునకే అది లభించినది. పిమ్మట పోటీ పెరిగి ధర ఇంకను పడిపోయినది. ధర పడిపోయినందువలననే ప్రభుత్వము దానిని ప్రతి శిశువునకు ఉచితముగా వేయగలిగినది. మన దేశములో 2002లో కొన్ని చోట్ల ప్రయోగాత్మకముగా ఆరంభమై, 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రములకు విస్తరించి, 2011-12నాటికి దేశమంతట ఈ టీకా శిశువుల టీకాల పట్టికలో చేరినది.

టీకా నిజముగా లెక్కను మార్చునా? తైవాను దీవి దీనికి సాక్ష్యము. అక్కడ పూర్వము పిల్లలలో సయితము నూటికి పదిమందికి ఈ వ్యాధి ఉండెను. 1984లో శిశువులకు టీకా ఆరంభించినారు. ఇరువది ఏండ్లలో పిల్లలలో అది నూటికి ఒకరికన్న తక్కువకు దిగినది. అంతకన్న ఆశ్చర్యము మరొకటి ఉన్నది. ఆరు మొదలు పదునాలుగేండ్ల లోపు పిల్లలలో కాలేయ క్యాన్సరు పదియేండ్లలోనే లక్షకు 0.70నుండి 0.36కు, అనగా సగమునకు తగ్గినది. టీకాతో ఒక క్యాన్సరును అడ్డగించవచ్చునని మానవులు మొదటిసారి కన్నులార చూచినది అప్పుడే. పెద్దవారి లెక్క మాత్రము అంత త్వరగా తగ్గదు. మనము చెప్పుకొన్న చెరువు వంటిదే. వాగుకు అడ్డుకట్ట పడినను నిలిచిన నీరు చిరకాలముండును. కనుక మన దేశములో టీకా పనిచేయుచున్నదా అని తెలియవలెనన్న పెద్దలను కాదు, ఐదేండ్లలోపు పిల్లలను లెక్కింపవలెను. ఆ వయస్సువారిలో 2030నాటికి ఈ వ్యాధి వేయిమందికి ఒకరిని మించకుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యము పెట్టుకొన్నది.

ఆ లక్ష్యమునకు కీలకము ఒక్క దినము. బిడ్డ పుట్టిన 24 గంటలలోపున వేయు మొదటి మోతాదు అన్నిటికన్న ముఖ్యమైనది. తరువాత ఆరవ, పదవ, పదునాలుగవ వారములలో వేయు పెంటావలెంట్ టీకాలో ఇది కలిసియే ఉండును. తరువాతివి ఎంత సక్రమముగా వేయించినను, మొదటి దినము తప్పిపోయినచో తల్లినుండి బిడ్డకు సోకిన దానిని ఆపలేకపోవచ్చును. మూడవ దినమున స్నానము చేయించి వేయింతము, పురుడు వెళ్లిన పిమ్మట వేయింతము అని ఆగరాదు. తల్లికి వ్యాధి ఉన్నదని ముందుగా తెలిసినచో బిడ్డకు టీకాతోపాటు రెండవ తొడపై ఇమ్యునోగ్లోబులిన్ అను మరియొక సూది కూడ వేయుదురు. అది సిద్ధముగానున్న రక్షణశక్తి. టీకా పనిచేయువరకు బిడ్డను కాపాడును. తల్లి రక్తములో వైరస్ చాల హెచ్చుగా ఉన్నచో ఏడవ మాసమునుండి ఆమెకు టెనోఫోవిర్ అను మాత్రలు ఇత్తురు. ఆ నిర్ణయము వైద్యులు పరీక్షించి చేయవలసినది.

మన ప్రాంతములో ఈ ఒక్క దినము జారిపోవుటకు రెండు కారణములున్నవి. తొలి కాన్పునకు పిల్ల పుట్టింటికి పోవుట మన ఆచారము. పరీక్ష జరిగినది మెట్టినింటి వైపు ఆసుపత్రిలో. కాన్పు జరుగునది వేరొక మండలములో. కాగితము వెంట పోకున్నచో అక్కడి వైద్యులకు సంగతి తెలియదు. రెండవది వలస. వర్షములు లేని ఏట పనులకై ఇల్లు తాళము వేసి హైదరాబాదు, బెంగుళూరు పోవు కుటుంబములు మనలో ఎన్నో ఉన్నవి. తల్లీబిడ్డల కార్డు ట్రంకుపెట్టెలోనే ఉండిపోవును. చీర, సారె సర్దునప్పుడు అన్నిటికన్న పైన ఆ కార్డు పెట్టండి. సారెలో అంతకు మించిన విలువ గల వస్తువు లేదు.

పెద్దవారికి ఈ వ్యాధి ఉన్నదని తెలిసినచో బెదరవలసిన పనిలేదు. అందరికిని మందు అవసరముండదు. ఎవరికి అవసరమో రక్తపరీక్షలవలన వైద్యులు నిర్ణయింతురు. అవసరమైనవారికి దినమునకు ఒక మాత్ర వైరస్‌ను అణచియుంచును. కాలేయము గట్టిపడకుండ, క్యాన్సరు రాకుండ చాలవరకు కాపాడును. వైరస్‌ను పూర్తిగా నిర్మూలించు మందు ఇంకను రాలేదు కనుక, చెప్పక మానివేయరాదు. మందు అవసరము లేనివారు కూడ వైద్యులు చెప్పిన గడువులలో పరీక్ష చేయించుకొనుచుండవలెను. సారాయి ముట్టరాదు. పసరులు, భస్మములు తినరాదు. అలసిన ఎద్దుపై బరువు వేసినట్లు, దెబ్బతిన్న కాలేయముపై అవి మరింత భారము వేయవచ్చును. 2018 జులై 28న కేంద్రప్రభుత్వము ఆరంభించిన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభించును. ఇంటిలో ఒకరికి ఉన్నచో తక్కినవారందరును ఒకసారి పరీక్షించుకొని, లేనివారు టీకా వేయించుకొనవలెను. పెద్దలకు మూడు మోతాదులు చాలును.

ఇక ఆ అత్తగారి మూడు ప్రశ్నలకు మేము పంపిన ప్రత్యుత్తరము ఇది. "అమ్మా, మీ కోడలికి ఇది ఎక్కడనుండి వచ్చినదో చెప్పుట కష్టము. ఆమె పసితనములోనే వచ్చియుండవచ్చును. అది ఆమె తప్పు కాదు, నడవడిపై మచ్చ కాదు. దేశములో నూటికి ఒకరికి ఉన్నది. మీ ఊరిలోను ఉండవచ్చును. మీ అబ్బాయికి, మీకు కూడ పరీక్ష చేయించుకొనండి. బిడ్డకు రాకుండ ఆపవచ్చును. కాన్పు ఆసుపత్రిలోనే జరుగవలెను. కార్డు వెంట ఉండవలెను. మొదటి దినముననే రెండు సూదులు పడవలెను. సీమంతము చేయండి. పుట్టింటికి పంపండి. బిడ్డతోకూడ తెచ్చుకొనండి. ఆ పళ్ళెము వసారానుండి లోపలికి తీసికొనండి."

నాలుగు మాసముల పిమ్మట కార్డుముక్క ఒకటి వచ్చినది. వ్రాసినది ఆ మనుమరాలే. ఆడబిడ్డ పుట్టినదట. పుట్టిన పూటనే రెండు సూదులు వేసినారట. ఆరవ వారపు టీకా కూడ వేయించినారట. బిడ్డకు ఏడాది నిండవచ్చినప్పుడు రక్తము పరీక్షింపుమని వైద్యులు చెప్పినారట. తల్లీబిడ్డలు వచ్చే మాసము మెట్టినింటికి వత్తురట.

పళ్ళెము సంగతి మాత్రము వ్రాయలేదు. ఆ జవాబు కొరకు ఇంకను ఎదురుచూచుచున్నాము.